సైకిల్‌కు తాళం వేస్తే చాలదు, కట్టెయ్యాలి

మన ఊళ్లలో కొత్త సైకిల్ కొన్నప్పుడే షాపులో వెనక చక్రానికి ఒక తాళం బిగించి ఇస్తారు. సీటు కింద, వెనక ఫోర్కు కడ్డీల మీద కూర్చునే గుర్రపునాడా ఆకారం తాళం అది. అందులోంచి ఒక కమ్మీ స్పోకుల మధ్యకు దూరి చక్రాన్ని ఆపేస్తుంది. చాలామందికి సైకిల్ తాళం అంటే ఇదొక్కటే. కానీ అది ఆపేది సైకిల్ తొక్కుకుంటూ పోవడాన్ని మాత్రమే, ఎత్తుకుపోవడాన్ని కాదు. ముందరికాళ్లకు బంధం వేసిన ఎద్దు పరిగెత్తలేదు, అయితే బండెక్కించి తోలుకుపోతే దానికి దిక్కు లేదు. గుంజకు కట్టేసిన ఎద్దు సంగతి వేరు. పాత నల్ల సైకిల్ ఇరవై కిలోల పైచిలుకు ఉంటుంది, గేర్ల సైకిల్ పద్నాలుగు పదిహేను కిలోలు. దాన్ని ఎత్తి ఆటోలో వేసుకోవడానికి ఒక మనిషికి అర నిమిషం చాలు.

అందుకని అసలు పని ఇది: సైకిల్ ఫ్రేమును కదలని దానికి, తేలిగ్గా తెగని దానితో కట్టెయ్యడం. షాపువాళ్లిచ్చిన చక్రం తాళాన్ని తీసేయక్కర్లేదు. అది రెండో తాళంగా పనికొస్తుంది. రైతుబజారు బయట, మెట్రో స్టేషన్ మెట్ల కింద, ట్యూషన్ సెంటర్ ముందు పోయే సైకిళ్లలో ఎక్కువ భాగం దేనికీ కట్టకుండా వదిలేసినవో, సన్నటి కేబుల్‌తో చుట్టినవో అయి ఉంటాయి. దొంగ ముందుగా చూసేది సైకిల్ ఖరీదు కాదు, ఎంతసేపట్లో విడిపోతుందన్నది. మీ పక్కనున్న సైకిల్ కంటే మీది కష్టంగా కనిపిస్తే చాలావరకు దాని జోలికి రాడు.

తాళం ఎంచుకోవడం

రంగురంగుల ప్లాస్టిక్ తొడుగు వేసిన స్ప్రింగు కేబుల్ తాళాలు మూడు నాలుగు వందలకు దొరుకుతాయి. చూడ్డానికి వేలంత లావుంటాయి. అందులో చాలా భాగం ప్లాస్టికే. లోపలుండేది సన్నటి తీగల పేట. ఎలక్ట్రీషియన్ దగ్గరుండే కటింగ్ ప్లేయర్‌తోనే పోగు పోగుగా తెగిపోతుంది, చప్పుడు కూడా రాదు. కేబుల్‌ను ముందు చక్రానికో, సీటుకో, హెల్మెట్‌కో అదనపు కట్టుగా వాడండి. ఫ్రేమును దానికి అప్పజెప్పకండి.

నంబర్ల తాళమైతే కొన్న వెంటనే 0000 మార్చేయాలి. తాళం వేశాక చాలామంది చివరి అంకె ఒక్కటే తిప్పి వదిలేస్తారు. వచ్చినవాడు ఆ ఒక్క చక్రాన్నే పది సార్లు తిప్పి చూస్తాడు, తెరుచుకుంటుంది. నాలుగూ కలగాపులగంగా తిప్పాలి. చవక నంబరు తాళాల్లో లోపలి బిళ్లలు వదులుగా ఉంటాయి కాబట్టి లాగి పట్టుకుని ఒక్కొక్కటీ తిప్పితే సరైన అంకె దగ్గర చేతికి తెలిసిపోతుంది. తాళం చెవి ఉన్నదే మేలు.

గొలుసు మన పరిస్థితులకు బాగా కుదురుతుంది. మడ్‌గార్డులు, క్యారియర్, పక్క బుట్ట ఉన్న సైకిల్‌కు యూ-లాక్, అంటే ‘యు’ ఆకారంలో వంచిన లావు కడ్డీకి అడ్డపట్టీ బిగించే తాళం, దూరదు. గొలుసు ఎలాగైనా వంగుతుంది. అయితే హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన అమ్మే మామూలు ఇనప గొలుసు మెత్తటిది, బోల్ట్ కట్టర్‌కు సులువుగా తెగుతుంది. గట్టిపరిచిన ఉక్కు గొలుసు అడగండి. నిజంగా గట్టిదేనా అని తెలుసుకోవాలంటే షాపులోనే ఆకురాయితో ఒక లింకు మీద గీయండి. మెత్తటి ఇనుమైతే ఆకురాయి కొరుకుతుంది, గాడి పడుతుంది. గట్టిపరిచినదైతే పైన జారిపోతుంది, పూత మాత్రమే లేస్తుంది. లింకు మందం కనీసం 8 మిల్లీమీటర్లు, 10 అయితే నిశ్చింత. పొడవు 90 నుంచి 110 సెంటీమీటర్లు చాలు. అంతకంటే పొడవు కొంటే మోసే బరువు పెరుగుతుంది, వేలాడే భాగం దొంగకు కలిసొస్తుంది. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు కిలోన్నర దాకా తూగుతుంది, 10 మిల్లీమీటర్లది రెండు కిలోలు దాటుతుంది. క్యారియర్ ఉన్న సైకిల్‌కు అది బరువే కాదు. పంక్చర్ షాపులో పాడైన ట్యూబు అడిగి తీసుకుని, గొలుసుకు తొడిగితే ఫ్రేము రంగు గీసుకుపోదు, ఎండలో చెయ్యి కాలదు.

గొలుసు మంచిది కొని దానికి యాభై రూపాయల తాళం కప్ప వేసేవాళ్లు చాలామంది. తెగేది కప్పే. పై వంపు కడ్డీ గొలుసు లింకు కంటే సన్నగా ఉండకూడదు, దాని మీద ‘హార్డెన్డ్’ అని అచ్చు ఉండాలి. గొలుసు లింకులు దూరాక వంపులో మరేమీ పట్టనంత ఇరుకు ఉండాలి. ఖాళీ ఉంటే అందులో ఇనప రాడ్డు దూర్చి మెలితిప్పి విరిచేస్తారు.

యూ-లాక్, కొందరు డి-లాక్ అంటారు, గేర్ల సైకిళ్లకు మంచిది. కడ్డీ మందం 13, 14 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 16 అయితే మామూలు బోల్ట్ కట్టర్‌కు లొంగదు. కడ్డీ రెండు కొసలూ అడ్డపట్టీలో లాక్ అయ్యేది చూసుకోండి. ఒక కొసే లాక్ అయ్యేదాన్ని ఒకచోట కోసి మెలితిప్పితే విడిపోతుంది, రెండు కొసలదైతే సాధారణంగా రెండుచోట్ల కోయాల్సి వస్తుంది. లోపలి కొలతలు ఇంట్లో సైకిల్ పక్కన టేపు పెట్టి చూసుకుని కొనాలి. సాధారణ సైజు లోపల 10 సెంటీమీటర్ల వెడల్పు, 23 పొడవు ఉంటుంది. ఇప్పుడు పిల్లలు ఇష్టపడుతున్న నాలుగంగుళాల లావు టైర్ల సైకిల్‌కు టైరే 10 సెంటీమీటర్లు, కాబట్టి ఆ లాక్ పట్టదు. వాటికి గొలుసే గతి.

గుండ్రటి గొట్టంలాంటి చెవి ఉన్న తాళం కొనకండి. 2004లో అమెరికాలో అలాంటి యూ-లాకులను బాల్‌పెన్ గొట్టంతో తెరవొచ్చని బయటపడి, క్రిప్టోనైట్ కంపెనీ వాటి బదులు కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. బల్లపరుపు చెవి, గాట్లు రెండు వైపులా ఉన్నది మేలు. ఇక పెట్టె మీద ముద్రించే భద్రత అంకెలు చాలావరకు కంపెనీ తనకు తాను వేసుకున్న మార్కులు. ఏబస్ కంపెనీ 15కు వేస్తుంది, క్రిప్టోనైట్ 10కి వేస్తుంది, రెంటినీ పోల్చలేం. బయటివాళ్లు పరీక్షించి ఇచ్చే ముద్రలు వేరు: బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ బ్రాంజ్ నుంచి డైమండ్ దాకా, నెదర్లాండ్స్‌లో ఏఆర్‌టీ నక్షత్రాల గుర్తులు. అవి ఉంటే నమ్మొచ్చు.

ఎంత ఖర్చు పెట్టాలి? సైకిల్ ధరలో పదో వంతు అన్నది చాలాకాలంగా నడుస్తున్న లెక్క, మంచి లెక్క. ముప్పై వేల సైకిల్‌కు మూడు వందల కేబుల్ వేయడం అన్యాయం.

ఇనుము కోసే కటింగ్ మిషన్‌కు, అంటే గ్రైండర్‌కు, ఆగే తాళాలు విదేశాల్లో వచ్చాయి గానీ చాలా ఖరీదు, బరువు. మామూలు యూ-లాక్ బ్యాటరీ గ్రైండర్ ముందు ఒకటి రెండు నిమిషాల్లో తెగుతుంది. అయితే ఆ చప్పుడు, నిప్పురవ్వలు వీధంతా తెలుస్తాయి. అందుకే తాళం ఎంత మంచిదైనా పెట్టే చోటు ముఖ్యం.

దేనికి కట్టాలి

ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. మంచి గొలుసు కొంటారు, ఊడి వచ్చే స్తంభానికి కడతారు.

సైకిల్ పెట్టేముందు స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపండి. కాంక్రీటులోంచి కదులుతోందా? అడుగున పలకను బోల్టులతో బిగించారా, ఆ నట్లు పానాకు దొరుకుతాయా? తర్వాత తలెత్తి పైకి చూడండి. పైన బోర్డు లేకుండా, ఏడెనిమిది అడుగులకే అయిపోయే కడ్డీ అయితే సైకిల్‌ను గొలుసుతో సహా పైకెత్తి తీసేస్తారు. ఫుట్‌పాత్ అంచున బండ్లు ఎక్కకుండా పాతిన పొట్టి స్తంభాలకు కట్టడం కట్టనట్టే.

ఫుట్‌పాత్ రెయిలింగులు బాగానే పనికొస్తాయి, కానీ సన్నటి నిలువు కడ్డీకి కాకుండా భూమిలో దిగిన ప్రధాన స్తంభానికి కట్టండి. హైదరాబాద్, విజయవాడ రెయిలింగుల్లో వెల్డింగు ఊడిన కడ్డీలు తరచూ కనిపిస్తాయి, రంగు వేస్తే ఊడినట్టు తెలియదు. కట్టబోయే గొట్టం మీద స్టిక్కరో, టేపో అతికించి ఉంటే దాన్ని పీకి చూడండి. ముందే కోసి పెట్టి, కోత కనిపించకుండా కప్పడం దొంగల పాత పద్ధతి.

కరెంటు స్తంభాలకు, వీధిదీపాల స్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న కంచెకు కట్టొద్దు. వానాకాలంలో ఇనప స్తంభాల్లోకి కరెంటు దిగి మనుషులు, పశువులు చనిపోయిన వార్తలు ఏటా వింటున్నాం. తడి చేతులతో ఇనప గొలుసు విప్పేది మీరే. ఈ ఒక్క విషయంలో సైకిల్ పోయినా ఫర్వాలేదు.

వలకంచె కటింగ్ ప్లేయర్‌తో తెగుతుంది. మొక్క చుట్టూ పెట్టిన ట్రీగార్డు ఎత్తితే వచ్చేస్తుంది. చిన్న చెట్టును నరికేస్తారు, పెద్ద చెట్టుకైతే బెరడు ఒరుసుకుపోతుంది. ప్లాస్టిక్ నీళ్ల పైపు సంగతి చెప్పనక్కర్లేదు. మెట్ల చేతికడ్డీకి, చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపు కడ్డీకి కడితే మనుషులకు అడ్డం, సెక్యూరిటీ వాళ్లే కోసి పక్కన పడేయొచ్చు. దుకాణం కిటికీ గ్రిల్లు మంచి ఆధారం, యజమానిని అడిగి కట్టండి. అడిగినందుకు ఆయన కన్ను కూడా దాని మీద ఉంటుంది.

సైకిల్ స్టాండు అని పెట్టే వంకర పైపుల బల్లలు రెండు రకాలు. నేలకు బిగించనివి, ముందు చక్రాన్ని మాత్రమే పట్టేవి. మొదటిదాన్ని బల్లతో సహా ఎత్తుకుపోవచ్చు. రెండోదాంట్లో ముందు చక్రానికి తాళం వేస్తే దొంగ చక్రం వదిలేసి మిగతా సైకిల్ పట్టుకుపోతాడు. అలాంటి స్టాండులో సైకిల్‌ను వెనక్కి తిప్పి, వెనక చక్రం లోపలికి తోసి, ఫ్రేమును స్టాండు పైపుకు కట్టండి.

ఏదీ దొరకనప్పుడు, ఇద్దరున్నప్పుడు: రెండు సైకిళ్లను ఎదురెదురు దిక్కులకు నిలబెట్టి, ఫ్రేముకు ఫ్రేము కలిపి గొలుసు వేయండి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి ఉంటుంది కాబట్టి తోసుకుంటూ పోలేరు, కలిపి ఎత్తడం ఒకరి వల్ల కాదు. నానక్‌రామ్‌గూడ దగ్గరి సోలార్ సైకిల్ ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు టీ తాగే కాసేపటికి ఇది సరిపోతుంది, రాత్రంతా వదలడానికి కాదు.

రోజూ ఒకేచోట, ఉదాహరణకు పనిచేసే దుకాణం వెనకో, హాస్టల్ ఆవరణలోనో పెట్టేవాళ్లు స్థలం యజమాని ఒప్పుకుంటే నేలలో కొక్కెం పాతించుకోవడం అన్నిటికంటే మంచిది. ఖర్చు తక్కువ. 16 మిల్లీమీటర్ల ఇనప రాడ్డు ఒక మీటరు ముక్కను వెల్డింగు షాపులో తలకిందుల ‘యు’ ఆకారంలో వంచించండి. పైన వెడల్పు 10 సెంటీమీటర్లు, రెండు కాళ్లు 35 చొప్పున, అడుగున ఒక్కో కాలికి 10 సెంటీమీటర్లు బయటికి వంచిన పాదం. పాదాలు లేకపోతే సిమెంటులోంచి మెల్లగా లాగేయొచ్చు. గోడ పక్కన, ఎవరి కాలికీ తగలని చోట 30 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వండి. అడుగున అయిదు సెంటీమీటర్ల కాంక్రీటు పోసి దాని మీద పాదాలు నిలబెట్టి, మిగతాది నింపండి. సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు పాళ్లు. నేలపైన కొక్కెం పది సెంటీమీటర్లు తేలుతుంది. వారం రోజులు నీళ్లు తడపాలి. అంతవరకూ దానికి కట్టి లాగొద్దు.

తాళం వేసే తీరు

గేర్ల సైకిల్‌కు యూ-లాక్ వేసేటప్పుడు:

1. సైకిల్‌ను స్తంభానికి ఆనించి నిలబెట్టండి. సీటు కింది ఫ్రేము గొట్టం స్తంభానికి దగ్గరగా రావాలి.
2. లాక్ కడ్డీ లోపల మూడు ఉండాలి: స్తంభం, ఫ్రేము గొట్టం, వెనక చక్రం రిమ్ము. వెనక చక్రమే ఎందుకంటే గేర్లు, ఫ్రీవీలు దాంట్లోనే ఉంటాయి, ముందు చక్రం కంటే ఖరీదు.
3. అడ్డపట్టీ బిగించి, చెవి రంధ్రం నేలవైపు ఉండేలా తిప్పండి. వాననీరు, దుమ్ము లోపలికి పోవు, సుత్తి దెబ్బ కొట్టడానికి చోటుండదు.
4. కేబుల్‌ను ముందు చక్రంలోంచి లాగి, దాని రెండు కొసల ఉంగరాలను లాక్ కడ్డీకి ఎక్కించి మూసేయండి.
5. చెవి తీశాక లాక్‌ను గట్టిగా లాగి చూడండి. సరిగ్గా పడని లాక్ మూసుకున్నట్టే కనిపిస్తుంది.

స్తంభం లావుగా ఉండి మూడూ పట్టకపోతే, అమెరికన్ సైకిల్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉంది. వెనక ఫోర్కు త్రికోణం లోపలికి వచ్చే చక్రం భాగాన్ని, రిమ్ము టైరు కలిపి, స్తంభానికి లాక్ చేస్తారు. ఫ్రేము లాక్‌లో లేకపోయినా, ఆ త్రికోణంలోంచి చక్రం బయటికి రాదు కాబట్టి సైకిల్ కట్టినట్టే. దొంగ రిమ్మును కోస్తే తప్ప విడిపోదు, కోస్తే ఖరీదైన చక్రం పాడవుతుంది.

మామూలు నల్ల సైకిల్‌కు, లేడీస్ సైకిల్‌కు గొలుసు వేసేటప్పుడు మడ్‌గార్డు కింద నుంచి వెనక చక్రం స్పోకుల గుండా దూర్చి, ఫ్రేము గొట్టం చుట్టూ తిప్పి, స్తంభానికి చుట్టండి. క్యారియర్‌కు మాత్రం కట్టొద్దు, నాలుగు నట్లు విప్పితే ఊడిపోతుంది. గొలుసు మిగిలితే స్తంభానికి రెండో చుట్టు వేసి బిగుతు చేయండి. కప్ప నేలకు తగలకూడదు, కనీసం మోకాలి ఎత్తులో ఉండాలి. నేల మీద ఆనితే బోల్ట్ కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి రెండో పిడి మీద ఒంటి బరువంతా వేస్తారు, రాతి మీద పెట్టి సుత్తితో కొడతారు. గాల్లో ఉంటే ఆ బలం దొరకదు. ఇది అయ్యాక చక్రం తాళం కూడా వేయండి. గొలుసు తెగినా తొక్కుకుంటూ పోలేడు.

చవక చక్రం తాళాల్లో చెవి గాట్ల రకాలు తక్కువ, ఒకరి చెవి ఇంకొకరి తాళానికి పడుతుంటుంది. వాటిని బిగించిన స్క్రూలు ఏడాదికోసారి చూసుకోండి, వదులైతే తాళం మొత్తం పక్కకు తిరిగి కమ్మీ స్పోకుల్లోంచి బయటికొస్తుంది.

ఊడి వచ్చే భాగాలు

గేర్ల సైకిళ్లలో చక్రాలకు, సీటుకు చేత్తో తిప్పే లివర్లు ఉంటాయి. అయిదు సెకన్లలో చక్రం చేతికొస్తుంది. వాటి బదులు ఎలెన్ కీతో, అంటే ఆరు పలకల కడ్డీలాంటి పానాతో, తిప్పే ఇరుసు కడ్డీలు వేయించుకోండి. సీటు క్లాంపు కూడా బోల్టుదే వేయండి. కొలత మాత్రం మీ ఫ్రేము గొట్టాన్ని బట్టి, ఎక్కువగా 31.8 లేదా 34.9 మిల్లీమీటర్లు.

ఎలెన్ కీ దొంగ దగ్గరా ఉంటుంది. దానికి మెకానిక్ దగ్గర దొరికే బేరింగు గుళ్లే మందు. ముందు చక్రం హబ్బులో సాధారణంగా వాడే 3/16 అంగుళం గుండు, 5 మిల్లీమీటర్ల ఎలెన్ రంధ్రంలో సరిగ్గా కూర్చుంటుంది. బోల్టు బిగించాక గుండు లోపలికి నొక్కి, పైన కొవ్వొత్తి మైనం కరిగించి పోయండి. కీ లోపలికి దిగదు. మీరు విప్పాలంటే సూదితో మైనం గీకి, అయస్కాంతంతో గుండు లాగండి. సూపర్ గ్లూ మాత్రం వేయొద్దు, తర్వాత మీకే రాదు.

సీటు కోసం పాత సైకిల్ చైను ముక్క చాలు. 32 లింకులంటే సుమారు 40 సెంటీమీటర్లు. ట్యూబు ముక్కలో దూర్చి, సీటు కింది కమ్మీల్లోంచి వెనక ఫోర్కు పై కడ్డీల చుట్టూ తిప్పి, చైన్ టూల్‌తో పిన్ను నొక్కించి శాశ్వతంగా మూసేయండి. సీటు ఎత్తుగా ఉంటే 40 లింకులు పట్టొచ్చు. లింకుల లెక్క సరిసంఖ్య అయితేనే రెండు కొసలు కలుస్తాయి.

లైటు, పంపు, మీటరు, బ్యాగు చేత్తో తీసుకెళ్లండి. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ తీయడానికి వీలుంటే తీసేయండి. సైకిల్ ఖరీదులో పెద్ద భాగం అదే.

స్టాండులు, బడులు, రాత్రి పూట

రైల్వే స్టేషన్, బస్టాండ్ పెయిడ్ స్టాండుల్లో కూడా తాళం వేయాల్సిందే. చీటీని సైకిల్ బుట్టలో వదలొద్దు, చీటీ దొరికినవాడే యజమాని అవుతాడు. చీటీ, వెనక స్టాండు బోర్డు, సైకిల్ మూడూ పడేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ‘వాహనం పోతే మా బాధ్యత లేదు’ అని బోర్డు రాసినా, డబ్బు తీసుకుని అప్పగింతకు తీసుకున్నవాడు మామూలు జాగ్రత్త తీసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. ఆ వాదనకు చీటీయే ఆధారం.

బడిలో ఇబ్బంది ఇంకోరకం. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద బాలికలకు ఇచ్చినలాంటి సైకిళ్లు ఒకే రంగు, ఒకే మోడల్. వరసగా నిలబెడితే ఎవరిది ఏదో తెలియదు, తీసుకెళ్లినవాళ్లు పొరపాటు అంటే కాదనలేం. చైను కవరు మీద పెయింటర్ చేత పెద్దక్షరాలతో పేరు, ఊరు రాయించే పాత అలవాటు మంచిది. పేరున్న సైకిల్ అమ్మడం కష్టం. ఆడపిల్లల సైకిల్ మీద ఫోన్ నంబరు మాత్రం రాయించొద్దు, పేరు బదులు గుర్తు వేసినా చాలు.

రాత్రి పూట వీధిలో వదలకుండా ఉండగలిగితే అదే మేలు. ఒక మోసం గుర్తుంచుకోండి: మీరు వచ్చేసరికి మీ సైకిల్‌కు ఎవరిదో ఇంకో తాళం వేసి ఉంటుంది, లేదా టైరులో గాలి తీసేసి ఉంటుంది. మీరు రేపు చూద్దామని వెళ్లిపోవాలనే ఆ పని చేస్తారు. వదిలి వెళ్లకండి. పక్క దుకాణం వాళ్లను సాక్ష్యంగా పిలిచి, 112కు ఫోన్ చేసి, తాళం కోయించి తీసుకెళ్లండి. గాలి లేని సైకిల్‌ను నడిపించుకుంటూ అయినా ఇంటికి తెచ్చుకోండి.

చదువుకోడానికి అమెరికా, యూరప్ వెళ్లే పిల్లలకు ఒక మాట. అక్కడి దొంగల దగ్గర గ్రైండర్లు మామూలు. ఇక్కడినుంచి కేబుల్ పట్టుకెళ్లొద్దు. నెదర్లాండ్స్‌లో సైకిల్‌కు బీమా చేస్తే ఏఆర్‌టీ రెండు నక్షత్రాల తాళం ఉండాలని చాలా కంపెనీలు అడుగుతాయి, పోయినప్పుడు అసలు చెవులు రెండూ చూపించమంటాయి. ఒక చెవి పోగొట్టుకుంటే బీమా కూడా పోయినట్టే. అమెరికాలో క్యాంపస్ రిజిస్ట్రేషన్‌తో పాటు బైక్ ఇండెక్స్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఫ్రేము నంబరు నమోదు చేసుకోవచ్చు.

ట్యాగులు

వస్తువు ఎక్కడుందో మన ఫోన్‌కు చెప్పే ఎయిర్‌ట్యాగ్ లాంటి చిన్న బిళ్లలు జీపీఎస్ కాదు. చుట్టుపక్కల తిరిగే ఫోన్ల ద్వారా చోటు చెబుతాయి. ఎయిర్‌ట్యాగ్‌కు ఐఫోన్లే దారి, కాబట్టి పల్లెల్లో అంతగా పనిచేయదు. ఫ్రేము గొట్టం లోపల పెడితే ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది. సీటు కింది ప్లాస్టిక్ లోపలో, వెనక రిఫ్లెక్టర్ వెనకో దాచండి. సీఆర్2032 బ్యాటరీ ఏడాదికోసారి మార్చాలి. తెలియని ట్యాగు వెంట వస్తోందని కొంతసేపటికి దొంగ ఫోన్‌కు కూడా హెచ్చరిక వెళ్తుంది. చోటు తెలిసినా ఒంటరిగా వెళ్లి అడగకండి, పోలీసులకు చూపించండి.

తాళం పాడవకుండా

కొబ్బరినూనె, వంటనూనె పోస్తే జిగురు కట్టి దుమ్ము పట్టేస్తుంది. 2బీ పెన్సిల్ ముల్లును చెవి గాట్ల మీద బాగా రుద్ది, లోపల పదిసార్లు తిప్పండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో నెలకోసారి ఇది చేయాలి. బిగుసుకున్న తాళంలో చెవిని బలంగా తిప్పితే చెవి లోపలే విరుగుతుంది. రెండో చెవిని ఇంట్లో విడిగా ఉంచండి, ఒకే గుత్తిలో రెండూ వేయొద్దు.

కాగితాలు, పోయిన తర్వాత

సైకిల్ కొన్న రోజే చేయాల్సిన పని ఇది. తలకిందులుగా పెట్టి, పెడళ్ల ఇరుసు కింద ఫ్రేము మీద అచ్చు వేసిన నంబరు వెతకండి. కొన్నిటికి సీటు గొట్టం దగ్గర ఉంటుంది. మట్టి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిచి, సుద్దముక్క రుద్దితే అంకెలు తేలుతాయి. నంబరు, సైకిల్ మొత్తం చైను వైపు నుంచి, ప్రత్యేకమైన గీతలు, సొట్టలు, మీరు పక్కన నిలబడ్డ ఫొటో, బిల్లు, అన్నీ తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఇంకో గుర్తు కూడా పెట్టండి: పేరు, నంబరు రాసిన చీటీని పాలిథిన్‌లో చుట్టి, సీటు గొట్టం తీసి ఫ్రేములోకి దింపండి. రంగు మార్చినా, ఫ్రేము నంబరు గీకేసినా ఆ చీటీ మాట్లాడుతుంది.

పోయిందని తెలిసిన వెంటనే చుట్టుపక్కల రెండు మూడు వీధులు, దగ్గర్లోని పాత సైకిళ్ల షాపులు, పాత సామాన్ల కొట్లు చూడండి. సీసీ కెమెరాలున్న దుకాణాల్లో అదే రోజు అడగండి, కొద్ది రోజులకే పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. అమ్మకపు యాప్‌లలో మీ మోడల్ పేరుతో రోజూ వెతకండి.

పోలీసు ఫిర్యాదులో విలువ ముఖ్యం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద దొంగతనానికి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. అయితే పోయిన వస్తువు విలువ 5 వేల రూపాయల లోపైతే, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని తరహా నేరాల్లోకి వెళ్తుంది. పాత సైకిల్‌కు ఈ గీత చాలా దగ్గర. కాబట్టి బిల్లు, తర్వాత వేయించిన టైర్లు, గేర్ల రసీదులు జతచేసి నిజమైన విలువ చూపించండి, పెంచి రాయొద్దు. విలువ తక్కువైనా ఫిర్యాదు రాసిచ్చి, స్టేషన్‌లో నమోదు చేసిన నకలు తీసుకోండి. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో పంపినా ఒప్పుకోవాలి, అయితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కట్టదగ్గ కేసైతే మా పరిధి కాదని వెనక్కి పంపకూడదు.

సైకిల్ దొరికితే అది కేసు వస్తువు. స్టేషన్ ఆవరణలో ఎండకు, వానకు నెలల తరబడి తుప్పు పట్టే దాకా ఎదురుచూడక్కర్లేదు. విచారణ ముగిసేలోపే తాత్కాలికంగా ఇప్పించమని మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ మీదేనని రుజువు చేయడానికి చూపించాల్సినవి బిల్లు, ఫ్రేము నంబరు ఫొటో.